రీలు కడగడం రాని ఫిల్మ్ ప్రేమ

మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితుడొకడు కోటిపల్లి రేవులో పంటు ఎక్కుతూ, మెడలో వేలాడుతున్న పాత కెమెరాని తట్టి, "ఫిల్మ్ మనిషికి నిదానం నేర్పుతుంది రా" అన్నాడు. అవతల ముక్తేశ్వరం ఒడ్డు చేరేలోపల ఆ నిదానంతోనే పదకొండు ఫ్రేములు కొట్టేశాడు. నేను లెక్కపెట్టాను.

వాడి పద్ధతి ఇది. రీలు అయిపోగానే కొరియర్‌లో బెంగుళూరు ల్యాబుకి పంపుతాడు. వాళ్ళు కడిగి, స్కాన్ చేసి, లింకు పంపుతారు. అందులోంచి నాలుగు ఇన్‌స్టాలో పెడతాడు. "మరి నెగటివులో?" అని అడిగాను. "తెప్పించుకోవాలంటే మళ్ళీ కొరియర్ చార్జి. అక్కడే ఉంటాయి. కొన్నాళ్ళకి పారేస్తారనుకుంటా" అన్నాడు.

ఈ వ్యాసం ఆ 'అనుకుంటా' మీద.

నెగటివు చేతికి రాని ఫిల్మ్ ఫోటో అంటే కొరియర్ ఖర్చు కలిసిన డిజిటల్ ఫోటో. సెన్సారు మన కెమెరాలో కాకుండా బెంగుళూరు స్కానర్లో ఉంది, అంతే తేడా. మనం 'ఫిల్మ్ రంగులు' అని మురిసిపోయేవి కూడా చాలావరకు ఆ స్కానర్ సాఫ్ట్‌వేరూ, దాని ముందు కూర్చున్న కుర్రాడూ కలిసి తేల్చినవే. కలర్ నెగటివు మీద నారింజ రంగు పొర ఒకటి ఉంటుంది. దాన్ని తీసేసి రంగులు తిరగెయ్యడానికి ఇదొక్కటే సరైన దారి అంటూ లేదు. ఒకే నెగటివు రెండు ల్యాబులకిస్తే రెండు సాయంత్రాలు వస్తాయి. ఇక 36 ఫ్రేములే ఉంటాయి కాబట్టి ఆలోచించి తీస్తాం అనే వాదన. దానికి చిన్న మెమరీ కార్డు, స్క్రీన్ మీద అంటించడానికి ఇన్సులేషన్ టేపు చాలు. నేను చేసి చూశాను. నా ఫోటోలు ఎప్పట్లాగే ఉన్నాయి.

నేనేమీ ఫిల్మ్‌తో పుట్టినవాణ్ణి కాను. పదేళ్ళు డిజిటల్‌లోనే తీశాను. ఫ్యూజీ కెమెరాలో 'క్లాసిక్ క్రోమ్' పెట్టుకుని అదే ఫిల్మ్ అనుకుంటూ తిరిగాను. 2021లో, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో, రాజమండ్రిలో కూర్చుని సెకండ్‌హ్యాండ్ పెంటాక్స్ కె1000 తెప్పించాను. బ్యాటరీ తీసేస్తే మీటరు సూది ఆగుతుంది గాని షట్టరు పడుతూనే ఉంటుంది, అంత మొరటు యంత్రం. మొదటి రీలు పుష్కరాల రేవులో తీశాను. 36లో ఇరవై పైచిలుకు ఉత్త గాజుపలకల్లా తేలాయి.

ఎందుకో తెలియడానికి నెల పట్టింది. డిజిటల్‌లో వెలుగు తెల్లబడితే ఇక తిరిగి రాదు, నీడనైతే తర్వాత లైట్‌రూమ్‌లో లేపుకోవచ్చు. అందుకని అందరం ఎక్స్‌పోజరు కాస్త తక్కువే ఇస్తాం. నెగటివుకి లెక్క తిరగబడుతుంది. నీడలో పడని వెలుతురుని ఏ రసాయనమూ తీసుకురాలేదు. ఎండ పక్క మాత్రం రెండు స్టాపులు ఎక్కువైనా ఓర్చుకుంటుంది. నేను రేవులో తెల్ల పంచెల మీద మీటరు పెట్టి, చెట్టునీడన కూర్చున్న ముసలాళ్ళని పోగొట్టుకున్నాను. డిజిటల్ నుంచి వచ్చేవాడికి మొట్టమొదట చెప్పాల్సిన ముక్క ఇది. 'ఆత్మ' గురించి పేజీలు రాసినవాళ్ళలో ఒక్కరూ నాకు చెప్పలేదు.

రెండో ముక్క, కడగడం. డెవలప్ చెయ్యడాన్ని మా వైపు స్టూడియోల్లో కడగడం అనే అనేవాళ్ళు. హెచ్‌పి5 ప్లస్ రీలుని డి-76లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాలి. ఏప్రిల్ నెలలో మా కుళాయి నీళ్ళు 30 దాటతాయి. ఆ వేడికి టైము సగానికన్నా తక్కువకి పడిపోతుంది. అయిదు నిమిషాల లోపు కడిగితే చారలు పడే ప్రమాదం ఉంది. అందుకని బకెట్లో ఐసు. మొదటిసారి జ్వరం థర్మామీటరు ముంచాను. అది 35 నుంచి మొదలవుతుందని ముంచాక గాని వెలగలేదు. నా ఇంజినీరింగు పట్టా విలువ అంత. "ఫ్రిజ్‌లో ఐసంతా ఏం చేశావురా?" అని అమ్మ అడిగితే రీలు కడుగుతున్నానన్నాను. "రీల్సా? వాటినీ కడుగుతారా ఇప్పుడు?" అంది.

సాహిత్యం చదివే మనవాళ్ళు ఫిల్మ్ గురించి రాసేటప్పుడు రోలాఁ బార్త్‌ని పిలవకుండా ఉండలేరు. మంచిదే. కానీ 1980లో వచ్చిన 'కెమెరా లూసిడా'లో ఆయన ఏ కెమెరా కొనాలో చెప్పలేదు. చనిపోయిన తల్లి ఫోటోలు తిరగేస్తూ, ఆమె అయిదేళ్ళ పిల్లగా ఉన్న పాత ఫోటో దగ్గర ఆగాడు. దాన్ని పుస్తకంలో అచ్చు కూడా వెయ్యలేదు. ఆ పుస్తకాన్ని ఉదహరించే మిత్రుల్ని ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచారా?

నేను తెరవలేదు. అంతకన్నా తప్పు చేశాను.

మా అమ్మానాన్నల పెళ్ళి 1985లో, కోనసీమలో. నలుపు తెలుపు, 120 రీళ్ళు, రీలుకి పన్నెండు ఫోటోలు. ఆల్బమ్ 1996 నవంబరు తుఫానులో ఇంటి కప్పుతో పాటే పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అతుక్కుపోయిన ప్రింట్లను నాన్న నీళ్ళలో నానబెట్టి విడదీయబోతే మూడు మిగిలాయి, వాటిలో ఒకదాంట్లో నాన్న మొహం లేదు. నాన్న పోయారు. కె1000 కొన్న నెలలోనే ఆ పాత స్టూడియో నుంచి ఫోనొచ్చింది. "బాబూ, షాపు ఖాళీ చేసేస్తున్నామండి. మీ నాన్నగారి పెళ్ళి రీళ్ళు మా దగ్గరే ఉన్నాయి, వచ్చి పట్టుకెళ్ళండి." వస్తానన్నాను. రిలీజుంది. తర్వాత లెన్సు కోసం చెన్నై వెళ్ళాను. తర్వాత ఫిల్మ్ గ్రెయిన్ మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. మూడు నెలలకి వెళ్తే అక్కడ మొబైల్ రిపేరు షాపు ఉంది. పెట్టెలన్నీ పాత సామాన్లవాడు తీసుకెళ్ళాడని పక్క టీకొట్టతను చెప్పాడు.

పాత సామాన్లవాడికి ఎందుకు? వెండికి. నలుపు తెలుపు నెగటివులో నల్లగా కనిపించేదంతా వెండే. మా నాన్న తెల్ల చొక్కా నెగటివులో నలుపు, అంటే ఆయన చొక్కా నిండా వెండి. కలర్ రీల్లో అది కూడా ఉండదు. కడిగేటప్పుడే వెండి పోయి రంగులు మాత్రం మిగులుతాయి, అవీ కాలంతో వెలిసిపోతాయి.

1932లో వచ్చిన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే ఇవాళ లేదు, పల్లెటూరి పెళ్ళిఫోటోల కోసం ఎవరు ఏడుస్తారు అంటారు. నిజమే. కానీ సినిమాని పోగొట్టింది ఎవరో నిర్మాతలు. వీటిని పోగొడుతున్నది మనం. అదీ ఫిల్మ్ మీద ప్రేమతో వెయ్యి రూపాయల పైన పెట్టి రీలు కొనుక్కుంటున్న కాలంలో. 'అయితే ఫిల్మ్ ఎందుకు తియ్యడం, మానెయ్యి' అన్నాడు నా స్నేహితుడు. మానను. నా వృత్తి సాఫ్ట్‌వేరు. కాలేజీ రోజుల ఫోటోలన్నీ ఒక హార్డ్ డిస్కులో ఉన్నాయి, అది 2014లోనే తిరగడం మానేసింది. నెగటివుని చదవడానికి కిటికీ చాలు. అలాగని అదేమీ చిరంజీవి కాదు. మా గోదావరి చెమ్మకి జెలటిన్ మీద బూజు పడుతుంది. అసిటేట్ పట్టీ వేడికీ తేమకీ కుళ్ళి వంకర్లు తిరిగిపోతుంది. అందుకే దాన్ని ఎక్కడో ల్యాబు అలమారులో వదిలేసి 'అనుకుంటా' అనడం నాకు ఒళ్ళు మండిస్తుంది.

కాబట్టి మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా కెమెరా గురించి కాదు. మొదటి రీలు డబ్బుతో నెగటివులు పెట్టుకునే కవర్లు, సిలికా జెల్ పొట్లాలు కొనండి. మీ ఊళ్ళో ఏ స్టూడియో మూతపడబోతోందో కనుక్కోండి. కె1000 ఎక్కడికీ పోదు.

రామచంద్రపురంలో ఒకాయన దగ్గర రెండు ట్రంకుపెట్టెలున్నాయి. 1970ల నుంచి తీసినవట, ఎవరివో ఆయనకే గుర్తులేదు. వచ్చే శనివారం వెళ్తున్నాను. మూత తీస్తే పుల్లటి వాసన కొడుతోందని ఫోన్లోనే చెప్పారు. అంటే పట్టీలు కుళ్ళడం మొదలైంది, ఎక్కువ రోజులు ఆగవు. పొద్దున్నే ఆరింటికి బయల్దేరతాను. కారులో ఇంకా ఇద్దరికి చోటుంది.