కొనడం ఒక ఎత్తు, మేపడం ఒక ఎత్తు

మధ్యయుగపు యుద్ధాలను కంప్యూటరు మీద ఆడే వ్యసనం నాకు చిరకాలంగా ఉంది. నిన్న రాత్రి ‘మెడీవల్ 2: టోటల్ వార్’లో మళ్ళీ పాత తప్పే చేశాను. బొక్కసం నిండుగా కనబడేసరికి ఉన్నదంతా వెచ్చించి రౌతులను చేర్చుకున్నాను. నాలుగు టర్నులు గడవకముందే వారి జీతబత్తెం రాబడిని మింగివేసింది. అప్పులో పడ్డ రాజుకు ఆ ఆటలో కొత్త భటుడూ దొరకడు, కొత్త గోడా లేవదు.

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లో ఈ బాధ లేదు. సైనికుణ్ణి తయారుచేసేటప్పుడే ఖర్చు. ఆ తరువాత అతడికి జీవితాంతం ఉపవాసమే. ఆడడానికి హాయిగానే ఉంటుంది. కానీ రాజ్యపాలన అసలు మొదలయ్యేది జీతబత్తెం దగ్గరేనని నా అభిప్రాయం.

ఇది మన ప్రాంతానికి తెలియని సంగతి కాదు. 1515లో కొండవీటిని, ఆపైన మా విజయవాడ చెంతనున్న కొండపల్లిని జయించిన కృష్ణదేవరాయలు, ఈ కృష్ణాతీరపు శ్రీకాకుళంలోనే ఆంధ్రవిష్ణువును స్వప్నంలో దర్శించి ‘ఆముక్తమాల్యద’ రచనకు పూనుకున్నాడు. అందులోని రాజనీతి ప్రకారం ఆదాయం నాలుగు పాళ్ళు: రెండు సైన్యపోషణకు, ఒకటి దానభోగాలకు, ఒకటి బొక్కసానికి. కోటలు గెలిచిన రాజే సగాన్ని మించి సైన్యానికి పెట్టవద్దన్నాడు. నేను ఖర్చుచేసింది ఆ దాచవలసిన పాలునే!

ఇక రెండో ఉపాయం నాయంకరం. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొని, మేలైనవి తానుంచుకొని, మిగిలినవి నాయకులకిచ్చి లాభం పొందేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు. నాయకుడికి భూమి దక్కేది. దాని రాబడితో నిర్ణీత సంఖ్యలో గుర్రాలను, కాలిబంట్లను పోషించి, పైగా రాజుకు సొమ్ము చెల్లించాలి. రాజుగారి లెక్కలో ఆ సైన్యపు మేత ఖర్చు కనబడదు.

నేనాడిన ఆటలోనూ నగరాలలో కొన్ని పౌరదళాలకు పోషణ ‘ఉచితం’. నా పేచీ ఆ మాటతోనే. 1855లో ఆనకట్ట పూర్తయ్యేదాకా వాననూ వరదనూ నమ్ముకొని బ్రతికిన ఈ నేలలో గుర్రపు దాణా ఉచితంగా ఎక్కడినుండి వస్తుంది? రైతు గాదెలోంచే. రాజు చెల్లించే మూల్యం వేరు: విధేయత. 1565లో రక్కసి-తంగడి యుద్ధం తరువాత మదుర, తంజావూరు, సెంజి నాయకులు క్రమంగా స్వతంత్రులయ్యారు. సైన్యాన్ని మేపిన చేతికే సైన్యం దక్కింది.

కనుక ఆటలు తయారుచేసేవారు పోషణను ఒట్టి అంకెగా చూపడం చాలదు. భటుణ్ణి ఎవరు మేపుతున్నారో, అతడు ఎవరి మాట వింటాడో కూడా చూపాలి. ఖజానానుండి చెల్లిస్తే ఖర్చెక్కువ, విధేయత ఎక్కువ. భూమి ఇస్తే ఖర్చు తక్కువ, భయం ఎక్కువ. ఈ రెంటి మధ్య తూకమే అసలైన ఆట.

బ్లాగ్మిత్రులలో ఈ వ్యసనపరులుంటే మీరెలా నెట్టుకొస్తున్నారో చెప్పండి. నేను మాత్రం ఈ రాత్రినుండి నాలుగో పాలు ముట్టను.