మంచూ భాషను మ్రింగినదెవరు?

చీనాను జయించినవారందరు తుదకు చీనా నాగరికతకే లోబడి అందులో కరగిపోయిరని చెప్పుట చరిత్ర గ్రంథములలో ఒక పరిపాటియైనది. మంచూలను గూర్చి ఈ మాట మరింత ధీమాగా వినబడును. వారు ఉత్తరమునుండి గుఱ్ఱములపై వచ్చిరట. 1644లో పెకింగ్ నగరమును పట్టుకొనిరట. 1912 వరకు ఏలుచునే తమ భాషను మరచి, తామేలిన ప్రజలలో కలిసిపోయిరట. నదులన్నియు సముద్రమున కలిసినట్లు! ఈ కథలో హంతకుడు లేడు, హతుడును లేడు. వినువారికి ఇంతకంటె సుఖమైన కథ మఱొకటి ఉండదు.

తుంగూసు కుటుంబమునకు చెందిన మంచూకు చీనా భాషతో ఏ చుట్టరికమును లేదు. ధాతువునకు ప్రత్యయములు ఒకదానివెంట ఒకటి చేరును. క్రియ వాక్యాంతమున నిలుచును. తెలుగు పాఠకునకు ఈ పోకడ పరాయిదిగా తోచదు. అయినను పోలికను బంధుత్వముగా పొరబడరాదు. నాడు జుర్చెన్‌లుగా పిలువబడుచుండిన ఈ ప్రజలు మాటాడునది తమ భాష, వ్రాయునది మంగోల్ భాష. 1599లో నూర్హాచీ మంగోల్ లిపిని తమ భాషకు అనువుగా దిద్దుడని ఆజ్ఞాపించెను. 1632లో దాహాయ్ అను పండితుడు ఆ అక్షరముల ప్రక్కన చుక్కలను, సున్నలను చేర్చి, అంతవరకు ఒక్కతీరున కనబడుచుండిన త, ద వంటి ధ్వనులకు భేదము కల్పించెను. 'మంచూ' అను పేరు 1635లో హోంగ్ తైజీ శాసనముచే స్థిరపడినది. అనగా పేరును, లిపిని, రాజ్యమును ఒక్క తరములో తామే నిర్మించుకొన్న జాతి యిది.

ఆ లిపి అలంకారముగా మిగిలిపోలేదు. 1689లో రష్యాతో కుదిరిన నెర్చిన్స్క్ ఒప్పందపు ప్రతులు లాటిన్, రష్యన్, మంచూ భాషలలో వ్రాయబడినవి. కాంగ్‌షీ చక్రవర్తికి జెసూట్ మతాచార్యులు యూక్లిడ్ రేఖాగణితమును బోధించినది మంచూ భాషలోనే. 18వ శతాబ్దిలో చియాన్‌లోంగ్ చక్రవర్తి బౌద్ధ ధర్మగ్రంథములను మంచూలోనికి అనువదింపజేసెను. భారతదేశమునకు ఆ భాషలో 'ఎనెత్‌కెక్' అని పేరు కలదు. మంగోలియా, టిబెట్టు, ఈలీ సరిహద్దుల సైనిక వ్యవహారములు విశేషముగా మంచూలోనే నడచెను. 1791-92లో గూర్ఖాలపై దండెత్తి నేపాళములో ప్రవేశించిన సేనకు నాయకుడైన ఫుకాంగాన్ మంచూ వంశీయుడే. పెకింగ్‌లోని ప్రథమ చారిత్రక పత్ర భాండారములో ఉన్న సుమారు కోటి పత్రములలో 20 లక్షలవరకు మంచూవని లెక్క. దక్షిణాసియా చరిత్రలో కొంత భాగము ఆ కట్టలలో ముడివడి యున్నది.

వానిని విప్పకయే చరిత్ర వ్రాయవచ్చునని పండితులు చిరకాలము నమ్మిరి. మంచూ పత్రములన్నియు చీనా పత్రములకు నకళ్ళేయని వారి ఊహ. 1996లో ఎవెలిన్ రావ్‌స్కీ ఈ ఊహను ప్రశ్నించి, మంచూలు అంతకాలము ఏలగలుగుటకు కారణము తమ ప్రత్యేకతను కాపాడుకొనుటయే, ఆంతర ఆసియా జాతులతో పొత్తు నిలుపుకొనుటయే అని వాదించెను. 1998లో హో పింగ్-తీ 'చీనీకరణమును సమర్థించుచు' తీవ్రమైన ప్రత్యుత్తరము వ్రాసెను. ఆయన వాదములో సత్యాంశము లేకపోలేదు. చీనా పాలనాపద్ధతులను మంచూ చక్రవర్తులు మనసార స్వీకరించిరి. మంచూ కవియైన నలాన్ షింగ్‌దే కీర్తి గడించినది చీనా గీతములతోనే. తన సైనికులకు మాతృభాష రాకుండుట చూచి చియాన్‌లోంగ్ పలుమారులు మండిపడెను. కాని భాష పోయినంతనే జాతి పోవునా? ఐర్లండువారిలో అత్యధికులు ఇంగ్లీషు మాటాడుచున్నారు. వారిని ఇంగ్లీషువారనువారు లేరు. 1899లో పెకింగ్‌లో పుట్టిన లావో షే చీనా గద్యమునకు మకుటాయమానుడు. 1900లో విదేశీ సేనలతో పోరి మరణించిన మంచూ సైనికుని కుమారుడాయన. అట్టివాడు జీవితపు చివరి దశాబ్దిలో తన వంశీయుల కథను నవలగా ఆరంభించి, అసంపూర్ణముగా విడిచి, 1966లో కన్నుమూసెను. కరగిపోయినవాడు ఆ కథ యేల ఎత్తుకొనును?

భాష పోయిన మాట నిజము. అందుకు మొదటి నేరస్థులు మంచూ పాలకులే. వారు భాషను కొలువునకు, జీతమునకు, దండునకు కట్టివేసిరి. సైనిక కుటుంబములను చీనా నగరములలో గోడల నడుమ నివసింపజేసి, వర్తకమును, సేద్యమును వారికి దూరము చేసిరి. అంగడిలో చీనా మాట. కచేరిలో మంచూ వ్రాత. మహానిఘంటువులను అచ్చొత్తించిన ఆస్థానము, మృతుని ప్రాణమును పరలోకమునుండి తెచ్చిన నిషాన్ అను మంత్రకత్తె కథను ముట్టలేదు. జనులు చేతివ్రాతలలో దాచుకొన్న ఆ కథ 1961లో మాస్కోలో వెలువడినది! జీతమిచ్చు రాజ్యము కూలగానే భాషకు నిలువనీడ లేకపోయినది.

రెండవది భయము. 1911 విప్లవములో షీయాన్ నగరపు మంచూ పేట ఊచకోతకు గురియైనది, వేలమంది హతులైరి. పిమ్మట ఎందరో పేర్లు మార్చుకొని, జాతిని దాచుకొని బ్రదికిరి. 1932లో జపానువారు 'మంచూకువో' అని ఒక రాజ్యమును నిలిపి, అచటి చీనా భాషకే 'మంచూ భాష' అని పేరుపెట్టిరి. దొంగిలించిన పేరు పదిలముగా ఉన్నది, పేరుగలవాని నోరు మాత్రము మూతపడినది. (నేడు తెలుగునాట వీధి బండ్లపై వేగు మంచూరియాకును ఆ ప్రజలకును ఏ సంబంధమును లేదు.) 1953 జనగణనలో మంచూలు సుమారు 24 లక్షలు, 1990 నాటికి సుమారు 98 లక్షలు. అల్పసంఖ్యాకులకు లభించు రాయితీలు కొందరిని ఆకర్షించి యుండవచ్చును. అయినను రాయితీకొరకై బయటపెట్టుటకు లోపల ఏదో ఒకటి దాగి యుండవలెను గదా.

ఈశాన్యమున సాంజియాజీ గ్రామములో ఈ శతాబ్దిలో ఆ భాష కొలదిమంది వృద్ధుల నోట మాత్రమే మిగిలినది. కాని 1764లో చియాన్‌లోంగ్ సుమారు వేయిమంది సిబే సైనికులను కుటుంబములతోగూడ మంచూరియానుండి దూరపు ఈలీ లోయకు కాపలాగా పంపెను. వారు మంచూలు కారు. అయినను వారి భాష మంచూకు అత్యంత సన్నిహితము, లిపి ఇంచుమించు అదే. అచట వారు కాలువ త్రవ్వి, పొలములు దున్ని, తమలో తాము మాటాడుకొనిరి. చుట్టునున్నవి కజాఖు, ఉయిఘూరు భాషలు; సిబే భాష కరగలేదు. పెకింగ్ భాండారములో ఆ 20 లక్షల పత్రములను చదువ కూర్చున్నవారిలో వారి సంతతివారును కలరు.