కోయ సారు ఖాళీ చేసే కుర్చీలో రేపు ఎవరు కూర్చుంటారు?



నాకు అ ఆలు నేర్పింది మా కోయ సారు. మా గూడెం బడిలో ఒకటే గది, ఐదు తరగతులు, ఒక్కరే సారు. బడికి పోయిన కొత్తలో మాకు తెలుగు రాదు. ఆయన ముందు కోయలో చెప్పి, అదే మాట తెలుగులో పలికించేవారు. ఇంటర్, టీటీసీతో ఎస్‌జీటీగా చేరారు. అప్పటికి జీవో నెం.3 ఉంది, టెట్ అనే పరీక్ష ఇంకా పుట్టలేదు. స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్‌కి డిగ్రీ, బీఈడీ కావాలంటే ఉద్యోగం చేస్తూనే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టారు, తర్వాత బీఈడీ కూడా పూర్తి చేశారు. ఆదివారం క్లాసులకి బస్సులో నిలబడి పోయి రావడం నాకు గుర్తుంది.

పోయిన నెల ఆయన టెట్ గైడు పట్టుకుని మా ఇంటికొచ్చారు. "ఈ పెడగాజీ బిట్లు ఎట్లా గుర్తుపెట్టుకోవాలిరా?" అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

సంగతేంటంటే, 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విద్యాహక్కు చట్టం రాకముందు చేరిన టీచర్లయినా సరే, సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలి ఉంటే రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. కాకపోతే ఉద్యోగం వదులుకోవాలి, లేదా నిర్బంధ పదవీ విరమణ. ఐదేళ్లలోపు మిగిలినవాళ్లు రిటైరయ్యేదాకా ఉండొచ్చు, కానీ టెట్ లేకుండా ప్రమోషన్ అడగడానికి లేదు. అంటే 2010లో కొత్తగా చేరేవాళ్ల కోసం పెట్టిన అర్హత ఇప్పుడు ప్రమోషన్ దారికీ వచ్చింది, ఉన్న ఉద్యోగం మీదకీ వచ్చింది.

మనలో కొందరి మాట నాకు తెలుసు. "మేం టెట్ రాశాం, డీఎస్సీ రాశాం. వాళ్లు ఎందుకు రాయకూడదు?" నేనూ టెట్ రాసినవాణ్నే. ఆ మాటలో న్యాయం లేదని అనను. మన పిల్లలకి అరకొర చదువు సార్లు చాలు అనుకుంటే మనల్ని మనమే తక్కువ చేసుకున్నట్టు. అర్హత వద్దని మనం ఎప్పుడూ అడగలేదు, అడగకూడదు కూడా. కాకపోతే కొత్తగా చేరే దారి, ప్రమోషన్ దారి వేరువేరుగా ఎందుకున్నాయో, ఒకదాని కొలత ఇంకోదానికి పెడితే ఏజెన్సీలో ఎవరు బయటపడతారో చూడాలి కదా.

స్కూల్ అసిస్టెంట్ పోస్టులే తీసుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ 70 శాతం ప్రమోషన్‌తో, 30 శాతం డైరెక్ట్‌గా నింపుతారు. డైరెక్ట్‌గా వచ్చేవాడికి అనుభవం లేదు కాబట్టి పరీక్ష పెడతారు. ప్రమోషన్‌లో వచ్చేవాడు పదిహేను, ఇరవై ఏళ్లు పాఠం చెప్పి వస్తాడు, ఆ అనుభవానికి లెక్క ఉంటుందనే ఆ దారి పెట్టారు. ఇప్పుడు మన సారు ప్రమోషన్ ఆగితే ఆ పైపోస్టు మీకు రాదు, అది ప్రమోషన్ కోటాది. ఆయన కింద ఖాళీ చేయాల్సిన ఎస్‌జీటీ పోస్టూ డీఎస్సీలోకి రాదు. హైస్కూల్లో లెక్కల సారు ఉండడు, ఇక్కడ మన తమ్ముడికి ఉద్యోగం ఉండదు. ఆయన ఆగితే మనం ముందుకు పోతామని అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

కోర్టులు దీని గురించి ఇప్పుడు కొత్తగా మాట్లాడుతున్నాయని కూడా అనుకోవద్దు. జమ్మూకశ్మీర్‌లో డిప్లొమా ఇంజనీర్లకు పై ప్రమోషన్ మూసేసి డిగ్రీ వాళ్లకే ఇస్తే, 1973లో త్రిలోకీనాథ్ ఖోసా కేసులో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పింది. మరుసటి ఏడాది మన దగ్గరి కేసే వచ్చింది, మహమ్మద్ షుజాత్ అలీ కేసు. పాత హైదరాబాద్ రాష్ట్రం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన డిగ్రీ లేని సూపర్‌వైజర్లది. వాళ్లూ గెలవలేదు. కానీ ఆ తీర్పులోనే కోర్టు ఒక హెచ్చరిక చేసింది. పైపోస్టులో చేసే పనికి అవసరం లేని చదువును అడ్డం పెట్టి మనుషుల్ని వేరు చేస్తే సమానత్వ హక్కు ప్రాణం పోతుందని దాని సారాంశం. ఆ మాటను మనం పట్టుకోవాలి.

మరి ఏజెన్సీ బడిలో టీచర్ పని ఏంటి? ఇంటి దగ్గర కోయో, గోండో, సవరో మాట్లాడే ఆరేళ్ల పిల్లను తెలుగు పుస్తకం దాకా నడిపించడం. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వమే కోయ, గోండి, కోలామి, సవర, కువి లాంటి భాషల్లో వాచకాలు వేయించింది. అంటే ఆ భాష లేకుండా ఆ పని కాదని సర్కారుకూ తెలుసు. కానీ టెట్ పేపర్ 1 చూడండి. 150 మార్కుల్లో శిశు వికాసం, ఒకటో భాష, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఒక్కోదానికి 30. ఒకటో భాషగా ఎంచుకునే జాబితాలో మన భాష ఒక్కటీ లేదు. మా సారుకి వచ్చిన అసలు విద్య డైరెక్ట్ దారిలోనూ అర్హత కాదు, ప్రమోషన్ దారిలోనూ కాదు. దాన్ని కొలిచే కాగితమే లేదు.

ఇక అసలు భయం చెప్తాను. 1986లో జీవో 275, 2000 జనవరిలో జీవో 3 వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసులకే అన్నారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ జీవో 3ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను మాత్రం తీసేయలేదు. అంటే మన భాష తెలిసిన ఆ తరం ఒక్కటే మనకు మిగిలింది. ఇప్పుడు డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌లో మన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం, తెలంగాణలో 10. ఆ తరం టెట్ కారణంగా ఇంటికి పోతే, ఆ ఖాళీలు ఈ వాటాల లెక్కలోనే నిండుతాయి. ఒక కోయ సారు లేచిన కుర్చీలో మళ్లీ కోయ సారు కూర్చుంటాడనే గ్యారంటీ ఈరోజు ఏ జీవోలోనూ లేదు. 2020లో కోర్టు కాపాడిన ఉద్యోగాలు 2027లో ఇంకో గుమ్మం నుంచి పోవచ్చు.

రాజ్యాంగంలో మనకు కొంత ఆసరా ఉంది. ప్రమోషన్లలో రిజర్వేషన్‌కి 16(4ఎ), నిండని పోస్టులు ముందుకు తీసుకుపోవడానికి 16(4బి). 335వ అధికరణానికి 2000లో చేర్చిన నిబంధన ప్రమోషన్లలో ఎస్సీ, ఎస్టీలకు పరీక్ష మార్కుల్లో సడలింపు ఇవ్వనిస్తుంది. జాగ్రత్తగా చదవండి, అది మార్కుల సడలింపు, పరీక్షే వద్దనే మినహాయింపు కాదు. టెట్‌లో ఎస్టీలకు 40 శాతం, అంటే 60 మార్కులు చాలు అనేది ఎలాగూ ఉంది. సభల్లో "335 ఉంది, టెట్ అక్కర్లేదు" అని మైకులో చెప్పేవాళ్లను నమ్మి మన పెద్దలు రెండేళ్లు పోగొట్టుకోకూడదు. నాకు దీనిమీదే ఎక్కువ కోపం.

అందుకే మన డిమాండ్ గట్టిగా, సూటిగా ఉండాలి. టెట్ రాయాల్సిన ఏజెన్సీ టీచర్లకు ఐటీడీఏ ఉచిత కోచింగ్ పెట్టాలి, దానికి ఆన్ డ్యూటీ ఇవ్వాలి. ఏకోపాధ్యాయ బడిలో సారు కోచింగ్‌కి పోతే బడికి తాళం పడుతుంది, కాబట్టి ఆ రోజులకి ఇంకో టీచర్‌ని పంపాలి. పరీక్ష కేంద్రం ఏజెన్సీలోనే ఉండాలి. ఆదివాసీ భాషను ఒకటో భాషల జాబితాలో చేర్చమని రెండు ప్రభుత్వాలనూ అడగాలి. ట్రైబ్స్ అడ్వైజరీ కౌన్సిల్ ఉన్నది ఇలాంటి వాటికే, మన ఎమ్మెల్యేలు అక్కడ నోరు విప్పాలి.

మనం చేయాల్సింది కూడా ఉంది. జిల్లా విద్యాశాఖకు ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ మండలంలో టెట్ లేని టీచర్లు ఎందరు, అందులో ఎస్టీలు ఎందరు, ప్రమోషన్లలో ఎస్టీ రోస్టర్ పాయింట్లు "అర్హులు లేరు" అని ఎన్ని ఖాళీగా ఉంచారు? ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజుల గడువు. వచ్చిన కాగితం ఫొటో తీసి ఈ పేజీకి పంపండి, మండలాల వారీగా ఒకచోట చేర్చుదాం. అంకె చేతిలో లేకుండా కలెక్టర్ దగ్గరికి పోతే టీ ఇచ్చి పంపిస్తారు, అంతే.

ఇంకోటి, టెట్ పాసైనవాళ్లు మీ ఊరి సారుతో వారానికి రెండు గంటలు కూర్చోండి. మా సారు ఈ ఆదివారం మళ్లీ వస్తానన్నారు. లెక్కలు ఆయనకి నాకంటే బాగా వచ్చు, ఇంగ్లీషు దగ్గరే పని ఉంది.