ఓడి వెళ్లిన రాయబారి



రాయబారము అనగానే మన పల్లెలలో పెద్దలకు శ్రీకృష్ణ రాయబారము పద్యనాటకము జ్ఞాపకమునకు వస్తుంది. ఆ కథలో సంధి కుదరలేదు, యుద్ధము ఆగలేదు. రాయబారి చేతిలో సైన్యము ఉండదు. మాట్లాడుటకు నోరు, చూచినది వ్రాసి పంపుటకు కలము, ఇవే అతనికి ఉన్నవి. ఈ రెండే పట్టుకొని ఒక మహా ఘోరమునకు ఎదురు నిలిచిన ఒక రాయబారిని గూర్చి ఈ మాసము మీతో చెప్పగోరుచున్నాము.

ఆయన పేరు హెన్రీ మార్గెంథా. 1856లో జర్మనీలోని మన్‌హైమ్‌లో యూదుల ఇంట పుట్టి, బాల్యములోనే తల్లిదండ్రులతో అమెరికా చేరారు. న్యూయార్కులో న్యాయవాది అయ్యారు. 1913లో అధ్యక్షుడు విల్సన్ ఆయనను ఒట్టోమన్ తుర్కీ సామ్రాజ్యమునకు రాయబారిగా పంపారు. దాని రాజధాని కాన్‌స్టాంటినోపిల్, నేటి ఇస్తాంబుల్.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము మొదలై, తుర్కీ జర్మనీ పక్షమున చేరింది. ఆ రాజ్యములో ఆర్మేనీయులు అను ప్రాచీన క్రైస్తవ జనాంగము ఉండేది. వారు శత్రువైన రష్యాకు తోడ్పడుచున్నారని పాలకులు ఆరోపించారు. 1915 ఏప్రిల్ 24న రాజధానిలోని ఆర్మేనీయ పెద్దలను, రచయితలను, బోధకులను పట్టుకొనిపోయారు. తరువాత ఊరూరా పురుషులను వేరుచేసి చంపించారు. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను సిరియా ఎడారి వైపు కాలినడకన తోలారు. దారిలో ఆకలికి, దప్పికకు, రోగములకు, దోపిడికాండ్ర కత్తులకు రాలిపోయినవారు ఎందరో. మొత్తము మృతుల సంఖ్యను 6 లక్షల నుండి 15 లక్షల వరకు అంచనా వేస్తారు.

హార్పుట్, అలెప్పో పట్టణములలోని అమెరికా కాన్సల్‌లు తాము చూచినది వ్రాసి రాయబారికి పంపారు. లోపలి ప్రాంతముల నుండి మిషనరీలు వచ్చి ఆయన ఎదుట కన్నీళ్లతో చెప్పారు. ఆయన హోంమంత్రి తలాత్ యొద్దకు మరల మరల వెళ్లి బ్రతిమాలారు. ఒకనాడు తలాత్, నీవు యూదుడవు, వీరు క్రైస్తవులు, వీరి సంగతి నీకెందుకని అడిగాడట. నేను ఇక్కడికి యూదుడనుగా రాలేదు, అమెరికా రాయబారిగా వచ్చాను, మానవత్వము పేరిట అడుగుచున్నానని జవాబిచ్చినట్లు మార్గెంథా తన పుస్తకములో వ్రాశారు. గాయపడినవాని కులము అడగకుండ ఆగిన సమరయుని కథ ఎరిగిన మనకు ఈ మాట కొత్త కాదు.

1915 జులై 16న ఆయన తన ప్రభుత్వమునకు తంతి పంపారు. ఇది ఒక జాతినే తుడిచివేయు ప్రయత్నమని అందులో స్పష్టముగా తెలిపారు. అయితే అమెరికా అప్పటికి యుద్ధములో లేదు. కలహములో దిగుటకు ఇష్టపడలేదు. 1916 ఆరంభములో ఆయన ఆ దేశము విడిచారు. సెలవు తీసుకొనునప్పుడు కూడ ఆర్మేనీయుల మాట ఎత్తితే, ఆ సంగతి ముగిసిపోయినది, ఇక మాట్లాడి ప్రయోజనమేమని తలాత్ కొట్టివేశాడట. ఆ వినాశమును ఆపలేకపోయినందున ఆ దేశము తనకు భయంకర స్థలమైపోయినదని ఆయన 1918లో వెలువడిన ఆ పుస్తకములో చెప్పుకొన్నారు. అది యుద్ధకాలపు పుస్తకము గనుక అందులోని సంభాషణలను అక్షరాలా తీసుకొనరాదనువారు ఉన్నారు. అయినను నాటి తంతులు, కాన్సల్‌ల నివేదికలు నేటికిని భద్రముగా ఉన్నవి.

మరి ఆయన శ్రమ వ్యర్థమైనదా? 1915 సెప్టెంబరులోనే ఆయన సహాయము కోరుతూ మరియొక తంతి పంపారు. దానిని బట్టి న్యూయార్కులో ఒక సహాయ సంఘము ఏర్పడింది. తరువాత దానికి నియర్ ఈస్ట్ రిలీఫ్ అని పేరు వచ్చింది. 1930 నాటికి అది 11 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసి, లక్షా 30 వేలకు పైగా అనాథ బిడ్డలను సాకింది. 1923 నుండి అమెరికా కుటుంబములు డిసెంబరులో ఒక ఆదివారము అనాథలు తిను సాదా భోజనమే తిని, మిగిలిన పైకము వారికి పంపేవారు. వంటకు ముందు పిడికెడు బియ్యము తీసిపెట్టు మన తల్లులకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆర్మేనీయులకు జరిగినది జాతి నిర్మూలనమేనని అమెరికా అధ్యక్షుడు ప్రకటించినది 2021లో. తుర్కీ ప్రభుత్వము మాత్రము ఆ మాటను ఒప్పుకొనలేదు.

సహోదరులారా, మన ఊళ్లలోను ఒకరి పక్షమున ఒకరు మాట్లాడవలసిన దినములు వస్తాయి. విధవరాలి పింఛను ఆగిపోతుంది. పేదవాని పొలము హద్దు జరిగిపోతుంది. కార్యాలయమునకు వెళ్తే, వారు మీకేమి అవుతారు, మీ సంఘమువారా, మీ కులమువారా అని అడుగుతారు. తలాత్ అడిగినదీ ఆ ప్రశ్నయే. దానికి జంకి ఇంటికి తిరిగి రావద్దు. మనము వెళ్లినంత మాత్రాన పని అవుతుందని మేము చెప్పలేము. అనేకసార్లు కాదు. అయినను వెళ్లండి. వెళ్లినప్పుడు నోటిమాటతో సరిపెట్టక, జరిగినది తేదీతో, పేర్లతో అర్జీగా వ్రాసి ఇవ్వండి. నకలు ఒకటి ఇంట్లో జాగ్రత్త చేయండి. ఈ దినమున వినువాడు లేకపోయినను, రేపు అడుగువాడు వచ్చినప్పుడు ఆ కాగితము మాట్లాడుతుంది.