వేయి పేజీల పుస్తకం

జనవరి నెల వచ్చిందంటే మన బెజవాడలో ఇద్దరికి చేతినిండా పని. ఒకరు కేలండర్లు అమ్మేవారు, రెండోవారు పుస్తకాలు అమ్మేవారు. 1989లో మొదలైన పుస్తక మహోత్సవానికి ఒక్కసారైనా వెళ్ళిరాని ఇల్లు మా భవానీపురంలో తక్కువే. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక సంచీ, మనసులో ఒక ప్రతిజ్ఞ పెట్టుకుని వస్తారు. సంచీ క్షేమంగా ఇల్లు చేరుతుంది. ప్రతిజ్ఞ శివరాత్రి దాకా నిలిస్తే గొప్పే!

తెనాలి నుంచి ఒక సోదరి జాబు వ్రాశారు. "ఏటా ఇన్ని పుస్తకాలు చదవాలని అనుకుంటాను. చిన్నవి చదువుతాను. లావుపాటి పుస్తకం పట్టుకుంటే యాభయ్యో పేజీ దాటను. నా బుద్ధిలో లోపమా, పుస్తకంలోనా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, లోపం మీ బుద్ధిలోనూ లేదు, పుస్తకంలోనూ లేదు. మీ లెక్కలో ఉంది. ఈ మాట నేను శాస్త్రం చదివి చెప్పడం లేదు. మా అత్తగారి చేత చీవాట్లు తిని నేర్చుకున్నాను. అది ఎలాగో చెబుతాను, వినండి.

రెండేళ్ళ కిందట సంక్రాంతి ముందు నేనూ ఒక నోటు పుస్తకం కొని, మొదటి పేజీలో "ఈ సంవత్సరం 52 పుస్తకాలు" అని ఎర్రసిరాతో వ్రాసుకున్నాను. వారానికొకటి అన్నమాట. పట్టికలో పేర్లు చకచకా పెరగాలంటే సన్నపాటి పుస్తకాలే దిక్కు. బీరువా దగ్గరికి వెళ్ళి, కూరగాయల బజారులో ముదురు బెండకాయలను తప్పించి లేతవి ఏరినట్టు, వంద పేజీల లోపువి ఏరి పక్కన పెట్టుకున్నాను. పై అరలో లావుగా కూర్చున్న "వేయిపడగలు" వైపు చూడనైనా చూడలేదు. అది కొని అప్పటికే తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఎనిమిదో పేజీలో నేను పెట్టిన సిటీ బస్సు టిక్కెట్టు అక్షరాలు చెరిగిపోయి తెల్లకాగితమై కూర్చుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఆవిడ చదువరి. ఐదో తరగతితో బడి మాన్పించి పెళ్ళి చేశారు గాని, చదవడం మాత్రం ఎవరూ మాన్పించలేకపోయారు. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ నవలల పేజీలను జాగ్రత్తగా విడదీసి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్టలు వేసి ట్రంకు పెట్టెలో దాచుకున్న మనిషి. అలాంటావిడ పత్రికను ముక్కుకు ఆనించుకుని, కాసేపు చూసి, మడిచి పక్కన పెట్టెయ్యడం మొదలుపెట్టారు. అడిగితే, "ఈ మధ్య కథలు బాగుండటం లేదమ్మా" అనేవారు. బాగుండనివి కథలు కావు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ అనేవాళ్ళం కాదు.

కనుమ మరునాడు రాత్రి భోజనాలయ్యాక ఆవిడే అన్నారు. "అమ్మాయ్, ఆ వేయిపడగలు కాస్త చదివి పెడతావా? నా చిన్నతనం నుంచీ వింటున్నాను దాని పేరు. చూపున్నప్పుడు పుస్తకం చేతికి దొరకలేదు. పుస్తకం ఇంటికి వచ్చేసరికి చూపు పోతోంది."

ఆ మాటకు ఎవరికైనా మనసు కరగాలి గదా! నాకు ముందుగా తోచినదేమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. 'ఇది వెయ్యి పేజీలు. నా పట్టికలో ఒక్క పుస్తకం కిందే లెక్క!' అని తోచింది. తరువాతనే కరిగింది మనసు.

సరే, మొదలుపెట్టాము. తెలియని పిల్లల కోసం రెండు మాటలు. శ్రీ విశ్వనాథ సత్యనారాయణ గారు మన కృష్ణాజిల్లా నందమూరు వారు. మన బెజవాడ కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు, ఈ ఊళ్ళోనే స్థిరపడ్డారు. రామాయణ కల్పవృక్షానికి 1970వ సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెడితే వేయిపడగలకూ, అడివి బాపిరాజు గారి నారాయణరావుకూ కలిపి బహుమతి పంచారు. వారు నోటితో చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు వ్రాసుకున్నారనీ, 29 రోజుల్లో ముగిసిందనీ ప్రసిద్ధి. దానిని "సహస్రఫణ్" పేరుతో హిందీలోకి తెచ్చినవారు శ్రీ పి.వి. నరసింహారావు గారు. తరువాత 1991లో ప్రధానమంత్రి అయ్యారు. నోరు ఇరవై తొమ్మిది రోజుల్లో చెప్పినదాన్ని చెవి అరవై ఏడు రోజుల్లో వినలేదా అని నా ధైర్యం. రోజుకు పదిహేను పేజీలు. ఉగాది పచ్చడి నాటికి పుస్తకం పూర్తి!

వరండాలో ఆవిడ మడతమంచం, పక్కన నా కుర్చీ. తొమ్మిది గంటలకు మొదలు. హైదరాబాదు రోడ్డు మీద లారీల మోత కాస్త సద్దుమణిగితే కృష్ణ మీదుగా చల్లగాలి వస్తుంది. మొదటి వారం లెక్క తప్పలేదు. రెండో వారం చుట్టాలు. మూడో వారం పిల్లవాడికి పరీక్షలు. తరువాత నాకు గొంతు పట్టేసింది. వెనకబడిన పేజీలన్నీ పాలవాడి బాకీలాగ పెరిగిపోతున్నాయి. ఒక రాత్రి సుబ్బన్నపేట సంగతులు తీరికగా సాగుతున్న చోట, ఈ రెండు పేజీలూ లేకపోతే కథకేమీ నష్టం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకుని, రెండు ఆకులు కలిపి తిప్పేశాను.

"అమ్మాయ్, ఒకటి కాదు, రెండు ఆకులు తిరిగాయి" అన్నారు అత్తగారు.

చూపు తగ్గినవాళ్ళకు చెవులు ఎంత చురుకో నాకు అప్పుడు తెలిసింది. ఉగాదికి అయిపోవాలి గదా అని గొణిగాను. ఆవిడ కోప్పడలేదు. మెల్లగా అడిగారు. "నువ్వు చదువుతున్నావా, లెక్క పెడుతున్నావా?"

ఆ రాత్రి ఇంక చదవలేదు. ఆవిడే చెప్పుకొచ్చారు. దివిసీమలో వాళ్ళ ఊరి గుళ్ళో మాసూళ్ళు అయ్యాక పురాణం పెట్టించేవారట. పంతులుగారు నాలుగు పద్యాలు చదివేవారు, నలభై మాటలు చెప్పేవారు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవారు. ఇంకెన్ని పద్యాలున్నాయని అడిగినవాడు లేడు. నిద్రపోయినవాడిని పక్కవాడు మోచేత్తో పొడిచి లేపేవాడు. నిన్న రానివాడికి ఇవాళ అరుగు మీద ఎవరో కథ అప్పజెప్పేవారు. భారతం అలా ఏళ్ళ తరబడి సాగేది.

ఆ మాట విన్నాక నేను మంచం మీద పడుకుని లెక్క కట్టాను. (పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది?) మన కవిత్రయ భారతంలో పద్యాలూ గద్యాలూ కలిపి 20,000కు పైచిలుకు. రోజుకు అరవై చదివితే ఏడాది పడుతుంది, పది చదివితే ఆరేళ్ళు. కాని నన్నయగారు మొదలుపెట్టింది 11వ శతాబ్దంలో. తిక్కనగారు 13వ శతాబ్దంలో పదిహేను పర్వాలు వ్రాశారు. మధ్యలో ఆగిన అరణ్యపర్వం 14వ శతాబ్దంలో ఎఱ్ఱనగారి చేతుల మీదుగా పూర్తయింది. వ్రాయడానికే మూడు వందల ఏళ్ళు పట్టిన పుస్తకం మన ఇంట్లో ఆరేళ్ళు ఉంటే సిగ్గెందుకు?

ఇంకొక సంగతి. కృష్ణ కాలువల మీద ప్రయాణీకుల పడవలు తిరిగే కాలంలో, 1935లో, శ్రీ పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం పెట్టించారు. ఎంత తెలివైన ఆలోచనో చూడండి! పడవ మెల్లగా పోతుంది. తొందరపడి చేసేదేమీ లేదు. చేతికి పుస్తకం అందితే చదవక ఏం చేస్తాడు? ఇప్పుడు పడవలు లేవు, మెల్లగా పోయే ప్రయాణమూ లేదు. ఆ తీరికను మనమే రోజులో ఒకచోట కట్టుకోవాలి.

మరునాటి నుంచి పేజీల లెక్క మానేశాను. తొమ్మిదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా చదవడం, అంతే. మూడు పేజీలైతే మూడు, పన్నెండైతే పన్నెండు. అత్తగారు "మళ్ళీ చదువు" అంటే మళ్ళీ చదవడం. చిత్రమేమంటే, అప్పటి నుంచి పుస్తకం కదిలింది. మావారు పేపరు పక్కన పెట్టి గుమ్మంలో నిలబడడం మొదలుపెట్టారు. మా అబ్బాయి సెల్‌ఫోను చూసుకుంటూనే ఒక చెవి ఇటు వేసి, "నాయనమ్మా, ఈ ధర్మారావు ఏ ఉద్యోగంలోనూ నిలవడేం?" అని అడిగాడు.

తగవులు కూడా వచ్చాయి. పాతకాలపు కట్టుబాట్లను, జమీందారీ రోజులను, వర్ణధర్మాన్ని వెనకేసుకొచ్చే పుస్తకం అది. ఆడవాళ్ళ పెళ్ళిళ్ళ గురించి చెప్పిన చోట నాకు ఒళ్ళు మండి పుస్తకం మూసేశాను. పాతకాలపు మనిషి గదా, అత్తగారు ఆయన పక్షమే వహిస్తారనుకున్నాను. ఆవిడ చాలాసేపు ఊరుకుని, "నాకు పదమూడో ఏట చేశారు. బడికి పోతానని ఏడ్చాను. ఆ సంగతి ఈయన వ్రాయలేదు" అన్నారు. నేను ఆ ఇంటి కోడలినై ఇరవై నాలుగేళ్ళు. ఆ మాట అంతకుముందు ఎన్నడూ వినలేదు. కాసేపటికి ఆవిడే, "అయినా గిరిక సంగతి బాగా చెప్పాడు. అక్కడ నుంచి చదువు" అన్నారు. వంద పేజీల పుస్తకంతో అయితే ఒక రాత్రి పోట్లాడి లేచిపోతాము. వెయ్యి పేజీల పుస్తకంతో పోట్లాడి, మర్నాడు మళ్ళీ దాని ఎదుట కూర్చోవాలి, కాపురంలాగ.

ఇక తెనాలి సోదరికి నా సలహా. వారం వారం సీరియల్ కోసం ఎదురుచూసే మనకు పెద్ద పుస్తకం చదవడం రాదనడం వింత. అక్కడ పత్రికవారు ముక్కలు చేసి ఇస్తారు, ఇక్కడ మనమే చేసుకోవాలి. పేజీలతో కాదు, గడియారంతో ముక్కలు చేయండి. రోజూ ఒకే వేళ, ఒకే చోట కూర్చోండి. కథ మంచి పట్టులో ఉన్నప్పుడే ఆపండి, మర్నాడు కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. పాత్రల పేర్లు, వావి వరుసలు ఒక కాగితం మీద వ్రాసి పుస్తకంలో పెట్టుకోండి. మొదటి వంద పేజీలు కొత్త కాపురం లాంటివి, ఎవరి గది ఎక్కడో తెలియదు, కొంచెం ఓర్చుకోండి. ఆ వంద దాటినా మనసు పట్టకపోతే మూసెయ్యండి, పాపం లేదు. అన్నిటికన్న ముఖ్యం, వినే మనిషిని ఒకరిని వెతుక్కోండి. ఏటికిన్ని పుస్తకాలని లెక్క పెట్టుకోవడం తప్పని అనను, ఆ లెక్కకు భయపడి పెద్ద పుస్తకాన్ని పై అరలో ఉంచకండి.

ఉగాదికి మేము సగం కూడా దాటలేదు. వైశాఖంలో అత్తగారికి ఒక కంటికి, నెల తరువాత రెండో కంటికి ఆపరేషన్లు అయ్యాయి. మందులు వేస్తూ చదివాను, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని విన్నారు. కొత్త అద్దాలు వచ్చాక కూడా తొమ్మిది కొట్టగానే మంచం వాల్చుకుని, "ఏమ్మా, రావూ?" అని పిలుపు మామూలే.

ఒక రాత్రి చూద్దును గదా, గుర్తుకు పెట్టిన కుంకుమ పొట్లం కాగితం నేను పెట్టిన చోట లేదు. నలభై పేజీల అవతల ఉంది! మధ్యాహ్నం నేను పడుకున్న వేళ ఆవిడే చదివేసుకుంటున్నారు. "మరి రాత్రి నా చేత మళ్ళీ ఎందుకు చదివిస్తున్నారు?" అన్నాను నవ్వాపుకుంటూ.

దొరికిపోయినందుకు ఆవిడేమీ చిన్నబుచ్చుకోలేదు. "నేను చదువుకుంటే ఆయనేమన్నాడో తెలుస్తుంది. నువ్వు చదివితే నీకు ఎక్కడ కోపం వచ్చిందో కూడా తెలుస్తుంది" అన్నారు.

ఆషాఢంలో పూర్తి చేశాము. నా నోటు పుస్తకంలో ఆ ఏడాది చేరినవి పందొమ్మిది పేర్లే. యాభై రెండని ఎర్రసిరాతో వ్రాసిన అంకె అలాగే ఉంది, కొట్టెయ్యలేదు. పుస్తకం బీరువాలో పెట్టిన రాత్రి వరండాలో ఏమీ తోచక కూర్చున్నాము. తరువాత ఏం చదువుదామని నేనే అడిగాను. భారతమన్నారు. "రోజుకు అరవై పద్యాలైతే వచ్చే ఆషాఢానికి..." అని నేను మొదలుపెట్టేసరికి ఆవిడ కొత్త అద్దాల్లోంచి నా వైపు ఒక చూపు చూశారు. నోరు మూసుకున్నాను.

"విరాటపర్వంతో మొదలుపెట్టు. వానలు వెనకబడ్డాయి, కాలువ కింద మళ్ళన్నీ ఎండుతున్నాయట" అన్నారు.