తోడేలు పేరు సరే.. లెక్క మాటేంటి?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు టైటిళ్లు ఖరారు చేసే రోజులొచ్చాయంటే మన ఇంజినీరింగ్ కాలేజీల నోటీసు బోర్డులు జూపార్కును తలపిస్తాయి. 'గ్రే వుల్ఫ్ ఆప్టిమైజేషన్‌తో లోడ్ ఫోర్‌కాస్టింగ్', 'వేల్ ఆల్గరిథమ్‌తో సెన్సర్ నెట్‌వర్క్', 'బ్యాట్ ఆల్గరిథమ్‌తో క్లౌడ్ షెడ్యూలింగ్'. తోడేలు, తిమింగలం, గబ్బిలం, మిణుగురు.. చీమ, తేనెటీగ ఎలాగూ ఉండనే ఉన్నాయి. మీ బ్యాచ్ టైటిల్ కూడా వీటిలో ఒకటి కావచ్చు. అయితే తప్పేం లేదు. కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ తోడేలును తీసేస్తే మీ ప్రాజెక్టులో ఇంకేం మిగులుతుంది?

ఈ ప్రశ్న నాకు ఇంటర్వ్యూలో ఎదురైంది. నా ప్రాజెక్టు 'పార్టికల్ స్వార్మ్' పద్ధతిలో పొలంలో సెన్సర్లు ఎక్కడెక్కడ పెట్టాలో తేల్చడం. పక్షుల గుంపు మేత వెతుక్కున్నట్టు వెతుకుతుందన్నమాట. కోడ్ సగం సీనియర్ల దగ్గర తెచ్చింది, సగం నెట్‌లో దొరికింది. వైవాలో గట్టెక్కాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో మాత్రం ఒకాయన రెజ్యూమె చూసి, "పక్షుల గుంపును పక్కన పెట్టు బాబూ. అన్నే చోట్లు ఊరికే ర్యాండమ్‌గా వెతికి ఉంటే ఎంతొచ్చేది?" అన్నారు. నోట మాట రాలేదు. ఆ రాత్రే రూముకొచ్చి రన్ చేసి చూశా. రెండింటికీ తేడా దాదాపు ఏమీ లేదు. ఏడాదిపాటు నేను మోసింది ఖాళీ పల్లకీ అని అప్పుడు తెలిసింది.

అలాగని ప్రకృతిని చూసి ఇంజినీరింగ్ నేర్చుకోవడం డొల్ల వ్యవహారమని నేననను. అది చాలా గట్టి పరిశోధన. మనం దాన్నుంచి పేర్లు తెచ్చుకుంటున్నాం, పద్ధతిని అక్కడే వదిలేస్తున్నాం. బాధంతా అదే.

జిగురు బూజు గీసిన రైలు పటం

ముందు అసలు పరిశోధన ఎలా ఉంటుందో చూద్దాం. ఫైసారమ్ పాలీసెఫాలమ్ అని ఒక జీవి ఉంది. చూడ్డానికి పసుపు రంగు జిగురులా, బూజులా ఉంటుంది. మెదడు లేదు, నరాలు లేవు. తిండి ఉన్న చోట్లను సన్నని గొట్టాలతో కలుపుకుంటూ పాకుతుంది. జపాన్ శాస్త్రవేత్త తొషియుకి నకగాకి బృందం 2000లో దీన్ని ఒక చిట్టడవిలాంటి పెట్టెలో పెట్టింది. రెండు చివర్లా తిండి ఉంచితే, మధ్యలోని దగ్గరి దారిని అది పట్టేసింది.

2010లో అత్సుషి తెరో, నకగాకి, వాళ్ల సహచరులు 'సైన్స్' పత్రికలో ఇంకో ప్రయోగం ప్రచురించారు. టోక్యో చుట్టుపక్కల ఊళ్లు పటంలో ఎక్కడున్నాయో సరిగ్గా ఆ చోట్లలో 36 ఓట్స్ ముక్కలు పెట్టారు. ఈ జీవికి వెలుతురంటే పడదు. కాబట్టి కొండలు, నీళ్లు ఉన్న చోట వెలుతురు పడేలా చేశారు. టోక్యో స్థానంలో బూజును వదిలారు. ఒక రోజు దాటి మరో రెండు గంటలయ్యేసరికి అది అల్లిన వల టోక్యో రైలు మార్గాల్ని పోలి ఉంది.

చాలామంది ఇక్కడిదాకా చదివి 'అబ్బో' అనుకుని వదిలేస్తారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది. వాళ్లు పోలిక చూసి చప్పట్లు కొట్టి ఊరుకోలేదు. మొత్తం మార్గం పొడవెంత, అంటే ఖర్చెంత? ఒక చోటినుంచి ఇంకో చోటికి సగటు దూరమెంత? ఏదో ఒక లింకు తెగితే వల రెండు ముక్కలయ్యే అవకాశమెంత? ఈ మూడు కొలతలతో బూజు వలనూ, నిజమైన రైలు వలనూ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ దాదాపు సరితూగాయి. తర్వాత బూజు పాటించే సూత్రాన్ని గణితంలో రాశారు. ఏ గొట్టంలో ప్రవాహం ఎక్కువో అది లావవుతుంది, తక్కువైతే సన్నబడి మాయమవుతుంది. అంతే! గమనించడం, కొలవడం, పోల్చడం, సూత్రం రాయడం. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ నాలుగింట్లో ఎన్ని ఉంటున్నాయి?

చీమ పొరపాటు, మనిషి దిద్దుబాటు

చీమల సంగతీ అంతే. అర్జెంటీనా చీమలతో డెన్యూబర్గ్ తదితరులు చేసిన ప్రయోగం 1989లో అచ్చయింది. పుట్టకూ తిండికీ మధ్య రెండు దారులు పెట్టారు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. పొట్టిదారిన వెళ్లిన చీమలు ముందు తిరిగొస్తాయి. అక్కడ వాసన ముందుగా చిక్కబడుతుంది. దాంతో మిగతావీ అటే మళ్లుతాయి. ఇది మీ పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది.

అందులో ఉండనిది ఒకటుంది. మొదట పొడుగు దారి మాత్రమే ఉంచి, కాసేపయ్యాక పొట్టిదాన్ని తెరిస్తే ఏమైంది? చీమల్లో ఎక్కువ భాగం పాత పొడుగు దారినే పట్టుకుని ఉండిపోయాయి. ఆ వాసన నెమ్మదిగా తప్ప ఆవిరి కాదు మరి. ఇటలీలోని మిలాన్‌లో మార్కో డొరిగో 1992లో తన పీహెచ్‌డీలో చీమల పద్ధతిని ఆల్గరిథమ్‌గా మలిచినప్పుడు చీమను ఉన్నదున్నట్టు దించలేదు. పాత దారుల వాసన త్వరగా ఆవిరయ్యేలా ఏర్పాటు చేశారు. చెడ్డ అలవాటును మరిచిపోవడం కూడా లెక్కలో భాగమైంది. అంటే ప్రకృతి ఎక్కడ తప్పుతుందో తెలుసుకున్నాకే ఇంజినీరింగ్ మొదలైంది.

పెరిగే వల.. పెరిగే ప్రమాదం

ఇదంతా మనకెందుకు అంటారా? 2012 జులై 31 గుర్తు చేసుకోండి. మీలో చాలామంది అప్పటికి బడి పిల్లలు. ఆ రోజు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. 60 కోట్ల మందికి పైగా నివసించే ప్రాంతమది. అంతకు ముందు రోజు తెల్లవారకముందే ఉత్తర గ్రిడ్ ఒకసారి పడిపోయి లేచింది. రెండు రోజులూ మొదట తెగింది మధ్యప్రదేశ్‌లోని బీనా-గ్వాలియర్ 400 కేవీ లైనే. ఒక లైను తెగితే దాని బరువు పక్క లైన్ల మీద పడుతుంది. అవి తట్టుకోలేక తెగితే ఆ పక్కవాటి మీద. పేకమేడ కూలినట్టు కూలిపోవడమే ఇక.

దక్షిణ గ్రిడ్ మాత్రం ఆ రోజు నిలబడింది. అప్పటికి మనం ఉత్తరాది గ్రిడ్లతో నేరుగా కలిసి లేం. విశాఖ గాజువాకలో ఉన్నలాంటి హెచ్‌వీడీసీ కేంద్రాల గుండానే కరెంటు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. వాటిగుండా కరెంటు వస్తుంది గానీ అటువైపు ఫ్రీక్వెన్సీ కుదుపు నేరుగా ఇటు రాదు. తర్వాత 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది కూడా జాతీయ గ్రిడ్‌తో ఒకటైంది. దాంతో కొరత ఉన్న చోటికి మిగులు ఉన్న చోటినుంచి కరెంటు తెచ్చుకోవడం తేలికైంది. అదే సమయంలో ఒకచోటి కుదుపు ఇంకోచోటికి చేరే దారీ తెరుచుకుంది. కలవడం మంచిదా, విడిగా ఉండటం మంచిదా? దీనికి ఒక్కమాట జవాబు లేదు. వల పెరిగే కొద్దీ ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వేసుకోవాల్సిందే.

పెరిగే వలల మీద లోతైన పరిశోధన ఉంది. 1999లో బరబాసీ, రెకా ఆల్బర్ట్ ఒక నమూనా చెప్పారు. కొత్తగా చేరేవాళ్లు అప్పటికే ఎక్కువ లింకులున్న చోటికే చేరుతుంటే కొద్దిచోట్ల పెద్ద పెద్ద కూడళ్లు పుడతాయి. అలాంటి వలలో ఏదో ఒక చోటు యాదృచ్ఛికంగా పాడైతే పెద్దగా నష్టముండదు. కానీ ఏరి కూడళ్లనే కొడితే వల ముక్కలవుతుందని 2000లో హవూంగ్ జియాంగ్‌తో కలిసి చూపించారు. అయితే దీన్ని తీసుకెళ్లి కరెంటు గ్రిడ్‌కు అలాగే అతికించేయకండి. గ్రిడ్‌లో ఎవరితో ఎవరు కలిసి ఉన్నారన్నదే కాదు, తెగిన లైను బరువు ఎటు పోతుందన్నదీ ముఖ్యం. ఇక్కడా అదే నీతి. నమూనా పేరు కాదు, అది మీ సమస్యకు అతుకుతుందా లేదా అన్నది చూడాలి.

ఖర్చు తగ్గిస్తే గట్టిదనం తగ్గుతుంది, గట్టిదనం పెంచితే ఖర్చు పెరుగుతుంది. ఇలాంటి తగవులకు ఒకే జవాబు కాకుండా, ఎంచుకోదగ్గ జవాబుల వరుసనే ఇచ్చే పద్ధతి ఎన్ఎస్‌జీఏ-2. 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి కల్యాణ్మయ్ దేబ్ బృందం దాన్ని ప్రచురించింది. ప్రపంచమంతా వాడుతోంది. పేరులో ఏ మృగమూ లేదు, గమనించారా?

జంతువు మారింది.. సూత్రం మారలేదు

ఇక మన తోడేళ్ల దగ్గరికొద్దాం. కొత్త కొత్త జంతువుల పేర్లతో వచ్చే ఆల్గరిథమ్‌లలో చాలా వాటిలో కొత్తదనం మాటల్లోనే ఉందని కెన్నెత్ సోరెన్‌సెన్ పదేళ్ల కిందటే గట్టిగా రాశారు. ఆ తర్వాత గ్రే వుల్ఫ్, వేల్, బ్యాట్, ఫైర్‌ఫ్లై వంటి ఆరు పద్ధతుల సూత్రాల్ని విప్పి చూసి, అవి పాతవాటికి కొత్త పేర్లేనని ఒక వ్యాసం తేల్చింది. ఆ వ్యాసం రాసినవారిలో చీమల పద్ధతి కనిపెట్టిన మార్కో డొరిగో కూడా ఉన్నారు!

ఇంకో సంగతి. 2014లో వచ్చిన గ్రే వుల్ఫ్ పద్ధతి సూత్రంలోనే వెతుకులాటను సున్నా వైపు లాగే గుణం ఉంది. మనం పరీక్షకు వాడే పాపులర్ ఫంక్షన్లలో చాలా వాటికి సరైన జవాబు సున్నా దగ్గరే ఉంటుంది. ఇంకేం, గ్రాఫు అదిరిపోతుంది! ఆ ఫంక్షన్‌ను కాస్త పక్కకు జరిపి మళ్లీ రన్ చేయండి. తోడేలు పరుగు తగ్గడం మీరే చూస్తారు. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు.

మీరు చేయగలిగింది

"గైడ్ కొత్త టైటిల్ కావాలంటారు, ఒక పక్క ప్లేస్‌మెంట్ కోచింగ్, టైం ఎక్కడుంది?" అంటారు మీరు. నిజమే. టైటిల్ చెబితే చాలు.. కోడ్, రిపోర్టు, పీపీటీ కట్టకట్టి అమ్మే చోట్లూ ఉన్నాయి. అయినా టైటిల్ మార్చకుండానే ప్రాజెక్టును మీదిగా చేసుకోవచ్చు.

ముందు ఒక నిజమైన వల ఎంచుకోండి. మీ కాలేజీ బస్సు రూట్లు కావచ్చు, మీ పట్టణం రోడ్లు కావచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో సమాచారం ఉచితం. పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీ ఉంది. ఈఈఈ వాళ్లకు ఐఈఈఈ 14, 30, 118 బస్ సిస్టమ్‌ల డేటా ఉండనే ఉంది. పునాది కావాలంటే కాంప్లెక్స్ నెట్‌వర్క్స్ మీద, ఎవల్యూషనరీ కంప్యూటేషన్ మీద ఎన్‌పీటెల్ పాఠాలున్నాయి.

తర్వాత మీ ఆల్గరిథమ్‌కు పోటీగా ఒక మామూలు పద్ధతిని దించండి. ర్యాండమ్ సెర్చ్ అయినా సరే. రెండింటికీ సమానంగా అవకాశాలివ్వండి. ఒక్కసారి రన్ చేసి బాగా వచ్చిన గ్రాఫ్ అతికించకండి. సీడ్ మారుస్తూ కనీసం 30 సార్లు చేసి, సగటుతో పాటు హెచ్చుతగ్గులూ చూపించండి. ఆల్గరిథమ్‌లో ఒక భాగాన్ని ఆపేసి చూడండి. చీమల పద్ధతైతే ఆవిరి కావడాన్ని ఆపండి. ఫలితం మారకపోతే ఆ భాగం మీకు అక్కర్లేదు. చివరగా మీ వలలో ఒక్కో లింకూ తెంపి, ఏది తెగితే ఎక్కువ నష్టమో పట్టికగా రాయండి.

వీటిని చేశాక 'తోడేలు గెలవలేదు' అని తేలొచ్చు. తేలనివ్వండి, అదే రాయండి. కాలేజీలకూ ఒక మాట. గెలిచిన గ్రాఫుకే మార్కులు వేస్తున్నంత కాలం పిల్లలు గెలిచిన గ్రాఫులే కొంటారు. 'పని చేయలేదు, ఇదీ కారణం' అని నిజాయతీగా నిరూపించిన బ్యాచ్‌కు పూర్తి మార్కులు ఇవ్వడానికి ఏ గైడ్ కూడా వెనకాడకూడదు. నాలుగేళ్ల చదువులో మీ సొంతంగా ఒక ప్రశ్న వేసుకుని జవాబు వెతికే అవకాశం ఇదొక్కటే. దాన్ని డబ్బులిచ్చి పోగొట్టుకోవడం కంటే నష్టం ఏముంది?

ఉద్యోగానికి ఇదేం పనికొస్తుందనే సందేహం రావచ్చు. తోడేలు నిపుణులు కావాలని ఏ కంపెనీ ప్రకటన ఇవ్వదు. కానీ డెలివరీ రూట్లయినా, సర్వర్లయినా, సబ్‌స్టేషన్లయినా అన్నీ వలలే. ఇంతకంటే సులువైన దారి లేదా, ఒకటి తెగితే ఏమవుతుంది, ఎలా తెలుసు? అక్కడ రోజూ ఎదురయ్యే ప్రశ్నలివే. వీటికి అలవాటు పడిన మనిషి ఎవరో రెండు నిమిషాల మాటల్లోనే తెలిసిపోతుంది.

రేపు మీ ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా "తోడేలును పక్కన పెట్టు" అనొచ్చు. అప్పుడు నాలా నీళ్లు నమలకండి. ర్యాండమ్ సెర్చ్ పట్టిక ఉన్న పేజీ తీసి, వేలు పెట్టి చూపించండి.