కాలయానచిత్రములు - రేవతీదేవి

మా అడిక్‌మెట్టునకు ఆర్టీసీ క్రాస్‌రోడ్డు సినిమాశాలలు దగ్గర గనుక, చిత్రములను గూర్చిన ముచ్చటలు మా యిండ్ల నిత్యము సాగును. కాలయానకథలు పాశ్చాత్యుల సొత్తని కొంద రందురు. మే మట్లు తలపము. భాగవతమున రేవతీదేవి తండ్రితో బ్రహ్మలోకమున కేగి, గానము ముగియుటకై క్షణకాలము నిలిచినంతనే 27 చతుర్యుగములు గడచెను గదా!

1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన “ఆదిత్య 369”లో యంత్రము రాయలకాలమునకును, 2504వ సంవత్సరమునకును పోవును. 2024లో నాగ్ అశ్విన్‌గారి “కల్కి 2898 ఏ.డి.” వచ్చినది. కలియుగారంభ మనబడు క్రీ.పూ. 3102కు 2898 కలిపిన 6000 ఏండ్లగును. పేరులోని అంకెకు మర్మ మిదియే. అందలి మాటలాడు బండి “బుజ్జి”కి గొంతు నిచ్చినది కీర్తి సురేష్. పిల్లలకు ఆ బండియే ప్రీతి.

మా మనసున నాటినది వేరు. ఆ భావికాలమున స్త్రీలను బంధించి, వారి గర్భములనుండి ఔషధసారము తీయుదురు. నాడు రేవతికి వరు డెవ్వడని తండ్రి బ్రహ్మనడిగెనే గాని, ఆమె నడిగినట్లు కథలో కానరాదు. యుగములు మారినను స్త్రీ యిష్టము నడుగువారు లేనిచో, యంత్రము లెన్ని వచ్చి యేమి ఫలము? చిత్రము చూచి వచ్చిననాడు బిడ్డలతో బుజ్జినిగూర్చియే గాక యీ మాటయు ముచ్చటింపుడు. మగపిల్లలకు ముందుగా వినిపింపుడు.